నీవారంలో ఆరోపాలు

శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడికి ఆశ్రమంలో మరికొన్నాళ్ళు ఉండడానికి ఒక సాకు కావలసివస్తుంది. విదూషకుడు తోవ చూపుతాడు: నువ్వు రాజువి కదా, మునులు ఏరి తెచ్చుకున్న నీవార ధాన్యంలో ఆరోవంతు పన్ను వసూలు చేసుకోవడానికి వచ్చానని చెప్పు, అంటాడు. మునులు ఇచ్చేది తపస్సులో ఆరోవంతు, అది తరిగిపోయేది కాదు అని రాజు అతన్ని మందలిస్తాడు. తరగతిలో ఈ ఘట్టాన్ని హాస్యమని చెప్పి మేము దాటేస్తూవుంటాం. కాని దున్నకుండా, విత్తకుండా, ఎవరి సొత్తూ కాకుండా పండిన గింజలో కూడా రాజుకు వాటా ఉందనే ఊహ కాళిదాసు నాటికే ఒక విదూషకుడి నోటికి వచ్చిందంటే, అది కేవలం హాస్యం కాదనుకుంటాను.

నీవారాన్ని తెలుగులో నివ్వరి అంటాం. చెరువుల అంచున, పల్లపు నేలల్లో దానంతటదే మొలిచే అడవి వరి అది. గింజకు పొడుగాటి ముల్లుంటుంది. పండగానే రాలిపోతుంది. చేలో కనిపిస్తే రైతు కలుపు కింద పీకి గట్టుమీద వేస్తాడు. 1965లో ఎస్.డి.శర్మ, ఎస్.వి.ఎస్.శాస్త్రి అనే ఇద్దరు భారతీయ శాస్త్రజ్ఞులు ఈ జాతిని శాస్త్రీయంగా వర్ణించి, సంస్కృత నామాన్నే నిలిపి, 'ఒరైజా నివారా' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన పదేళ్ళలోపే ఈ కలుపుమొక్క ఆసియా ఖండంలో కోట్లమంది తినే అన్నాన్ని ఒక రోగం నోటినుంచి తప్పించింది.

ఈ సంగతి చెప్పినప్పుడు మిత్రులలో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. పురుగుమందులూ రసాయనాలూ లేకుండా ఇంతమంది జనానికి తిండి పెట్టడం కల్ల, పాత విత్తనాల మాట వట్టి భావుకత్వం అనేవారు కొందరు. శాస్త్రమే కొంప ముంచింది, తాతలనాటి విత్తనానికి తిరిగిపోవడమే తరుణోపాయం అనేవారు మరికొందరు. చరిత్రను దగ్గరగా చూస్తే ఈ రెండూ నిలవవని నా వాదం. పంటకు రోగాన్ని తట్టుకునే శక్తి ప్రకృతిలోని వైవిధ్యంలోనే ఉంది. దాన్ని కాపాడినవాడు రైతు. వెలికితీసినది శాస్త్రం. వృథా చేస్తున్నదీ, సొంతం చేసుకోజూస్తున్నదీ లాభాపేక్ష. ఈ మూడింటినీ విడివిడిగా చూడలేకపోతే మనం శాస్త్రాన్ని తిట్టవలసిన చోట లాభాన్ని పొగుడుతాం, లాభాన్ని తిట్టవలసిన చోట శాస్త్రాన్ని తిడతాం.

రోగమూ, ఆకలీ, భూమీ

1845లో ఐర్లండులో ఆలుగడ్డ పంట మీద ఆకుమాడు తెగులు వచ్చింది. కొద్దిరోజుల్లో చేలు నల్లబడిపోయినవి, నేలలోని దుంపలు కుళ్ళిపోయినవి. తర్వాత వరసగా కొన్నేళ్ళు అదే జరిగింది. సుమారు 10 లక్షల మంది ఆకలితోనూ, ఆకలి తెచ్చిన రోగాలతోనూ చనిపోయారు. దాదాపు అంతమందీ ఓడలెక్కి దేశం విడిచి పోయారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో రైతులు వందలాది రకాల ఆలుగడ్డలు పండిస్తారు. ఐర్లండులోని బీదకౌలుదారు మాత్రం ముఖ్యంగా 'లంపర్' అనే ఒకే రకం మీద ఆధారపడి ఉండేవాడు. ఆలుగడ్డను దుంప ముక్క పాతి పెంచుతారు కనుక ఒక రకంలోని మొక్కలన్నీ ఒకే మొక్కకు నకళ్ళవంటివి. ఒకదాన్ని చంపగలిగిన రోగం అన్నిటినీ చంపగలదు.

ఇంతవరకూ జీవశాస్త్రం. కాని కౌలుదారు ఒకే రకం ఎందుకు వేశాడు? మంచి నేలంతా భూస్వామి చేతిలో ఉంది. అందులో పండిన ధాన్యమూ, పెరిగిన పశువులూ ఇంగ్లండుకు పోయేవి. మిగిలిన చారెడు చవిటి నేలలో కుటుంబం కడుపు నింపగల పంట ఆ ఒక్కటే. కరువు సంవత్సరాలలో సైతం ఐర్లండు రేవులనుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే వచ్చింది. పెట్టుబడి మొదటి సంపుటంలో మార్క్స్ ఐర్లండును ప్రత్యేకంగా పరిశీలించడానికి కారణం ఇక్కడే ఉంది. చేలో వైవిధ్యం లేకపోవడం రైతు తెలివితక్కువతనం కాదు. అది భూమి సంబంధాల ఫలితం.

తెగులుకు కారణం బూజు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి అని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డిబారీ 1860 దశకం మొదట్లో నిరూపించాడు. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే ఆచార్యుడు మైలుతుత్తం, సున్నం కలిపి ద్రాక్షతోటల మీద చల్లే బోర్డో మిశ్రమాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆనాటినుంచి తెగులు అంటే మందు అనే భావం స్థిరపడింది. మొక్కలోనే తెగులును కాచుకునే శక్తి ఉంటుందా అన్న ప్రశ్న వెనకబడింది.

మన దేశంలో 1943 బెంగాలు కరువు సంగతి ఇంతకంటే చిక్కైనది. అంతకుముందు ఏడాది పైరు మీద గోధుమరంగు మచ్చ తెగులు విపరీతంగా వ్యాపించిందని, కొన్ని పరిశోధనా క్షేత్రాలలో కొన్ని రకాల దిగుబడి సగానికి పైగా పడిపోయిందని ఎస్.వై.పద్మనాభన్ 1973లో వివరంగా రాశాడు. 1981లో అమర్త్యసేన్, బెంగాలులో మొత్తంమీద తిండిగింజలు మరీ తక్కువేమీ కాలేదని, యుద్ధకాలపు ధరలముందు కూలివాడి కొనుగోలు శక్తి కుప్పకూలడమే చావులకు కారణమని వాదించాడు. సుమారు 30 లక్షల మంది చనిపోయిన కరువు అది. ఈ ఇద్దరి వాదనలలో ఒకదాన్ని ఎన్నుకొని రెండోదాన్ని తోసివేయడం నాకు సమ్మతం కాదు. తెగులు పంటను కొడుతుంది. ఎవరు ఆకలితో చావాలో తేల్చేది మాత్రం సమాజమే.

వావిలోవ్ మార్గం

1905లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్ గోధుమ మీద ఒక ప్రయోగఫలితం ప్రకటించాడు. పసుపు కుంకుమ తెగులును తట్టుకునే గుణం తల్లి మొక్కనుంచి పిల్ల మొక్కకు మెండెల్ చెప్పిన సూత్రాల ప్రకారమే సంక్రమిస్తుందని తేల్చాడు. ఈ చిన్న ఫలితంలో పెద్ద విప్లవం ఉంది. నిరోధక శక్తి వారసత్వంగా వచ్చేదే అయితే దాన్ని ఒక మొక్కనుంచి మరో మొక్కకు సంకరం చేసి చేర్చవచ్చు. రోగాన్ని మందుతో కాక విత్తనంతోనే ఎదుర్కోవచ్చు.

1913లో బిఫెన్ వద్దా, బేట్‌సన్ వద్దా పనిచేయడానికి రష్యానుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు నికొలాయ్ వావిలోవ్. 1919లో ఆయన మొక్కల రోగనిరోధక శక్తిమీద గ్రంథం ప్రచురించాడు. ఆయన వేసుకున్న ప్రశ్న సూటి అయినది: ఫలానా రోగాన్ని తట్టుకునే మొక్కను ఎక్కడ వెతకాలి? ఒక పంట ఎక్కడ పుట్టిందో, ఎక్కడ వేల ఏళ్ళుగా తన రోగాలతో పక్కపక్కనే బతుకుతూ వచ్చిందో అక్కడ వెతకాలి అన్నది ఆయన జవాబు. అక్కడ రోగమూ మొక్కా ఒకదానితో ఒకటి పోరాడుతూ ఎదిగినవి. బలహీనమైన మొక్క చచ్చింది, తట్టుకున్నది నిలిచింది. ఇది గతితర్కానికి పుస్తకంలో దొరికే ఉదాహరణ కాదు, మట్టిలో మొలిచే ఉదాహరణ.

1926లో పంటమొక్కల జన్మకేంద్రాలమీద ఆయన గ్రంథం వెలువడింది. భారతదేశం అటువంటి కేంద్రాలలో ఒకటి. సోవియట్ ప్రభుత్వం ఆయనకు లెనిన్ బహుమతి ఇచ్చింది, లెనిన్‌గ్రాడ్‌లో విశాలమైన సంస్థ నడపడానికి వనరులిచ్చింది. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, ఇథియోపియా, మెక్సికో, దక్షిణ అమెరికా దేశాలు ఆయన తిరిగాడు. ఆయన సహచరులు బుకాసోవ్, యుజెప్‌చుక్ 1920 దశకంలో మెక్సికోలోనూ, ఆండీస్ కొండల్లోనూ తిరిగి ఆలుగడ్డ జాతులెన్నో సేకరించారు. మెక్సికోలో పెరిగే 'సొలానం డెమిస్సం' అనే అడవి ఆలుజాతి ఆకుమాడు తెగులును తట్టుకుంటుందని తేలింది. ఐర్లండు ప్రజలకు దక్కని రక్షణ అన్నాళ్ళూ మెక్సికో కొండలమీద అడవి మొక్కలో ఉండనే ఉంది.

1940 నాటికి లెనిన్‌గ్రాడ్ సంస్థలో రెండు లక్షలకు పైగా విత్తన నమూనాలు పోగుపడినవి. ఏ దేశమూ ఇంత వైవిధ్యాన్ని ఒక్కచోట అంతకుముందు చేర్చలేదు. శాస్త్రాన్ని లాభానికి కాక ప్రజలకు ఒప్పజెబితే ఎంతపని జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

మనం దాటేయరాని అధ్యాయం

కాని కథ ఇక్కడ ఆపితే అది చరిత్ర కాదు, ప్రచారం అవుతుంది. 1930 దశకంలో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని ముద్రవేసింది. పరిసరాలను మార్చి పంట స్వభావాన్నే కొద్దికాలంలో మార్చివేయవచ్చని వాగ్దానం చేసింది. సమష్టి క్షేత్రాల తొలిరోజులవి. తిండికి కటకటగా ఉంది. ఫలితం వెంటనే కావాలి. సంకరం చేసి కొత్త వంగడం తేవడానికి పది పన్నెండేళ్ళు పడుతుందని వావిలోవ్ నిజం చెప్పాడు. మూడేళ్ళలో తెస్తానని లైసెంకో అబద్ధం చెప్పాడు. అధికారం అబద్ధాన్నే నమ్మింది.

1940 ఆగస్టులో విత్తనాలు సేకరిస్తూ పశ్చిమ ఉక్రెయిన్‌లో తిరుగుతుండగా వావిలోవ్‌ను అరెస్టు చేశారు. 1941లో మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని 20 ఏళ్ళ ఖైదుగా మార్చారు. 1943 జనవరి 26న సరతోవ్ జైలులో తిండిలేక కృశించి ఆయన చనిపోయాడు. ప్రపంచంలో ఆకలి లేకుండా చేయాలని జీవితమంతా గింజలు పోగుచేసినవాడు ఆకలితో పోయాడు. ఆ ఏడాదే బెంగాలులో లక్షలాది జనం అదేవిధంగా పోయారు.

అదే కాలంలో ఆయన సంస్థలో జరిగినది చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1941 సెప్టెంబరునుంచి 1944 జనవరి దాకా హిట్లర్ సైన్యాలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించాయి. ఊరిలో తిండి లేదు. సంస్థలో టన్నులకొద్దీ వరి, గోధుమ, మొక్కజొన్న, వేరుశనగ, చిక్కుడు గింజలు ఉన్నవి. అక్కడి శాస్త్రజ్ఞులు వాటిని ముట్టుకోలేదు. వేరుశనగ నిపుణుడు షూకిన్ తన బల్లదగ్గరే ప్రాణం విడిచాడు. వరి విభాగంలో ఇవానోవ్ వేల వరి పొట్లాల మధ్య ఆకలితో చనిపోయాడు. ఇంకా పలువురు పోయారు. విత్తనం మిగిలింది. ఫాసిజానికి వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో తుపాకి పట్టని వీరులు వీరు.

ఈ రెండు సంఘటనలనూ ఒకే ఊపిరిలో చెప్పడం మన పత్రికలలో కొందరికి ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు. ఆ విత్తనాలకు ప్రాణమిచ్చినవారూ సోవియట్ పౌరులే, వాటిని పోగుచేసినవాణ్ణి చంపినదీ సోవియట్ రాజ్యమే. 1948 ఆగస్టు సమావేశం తర్వాత జన్యుశాస్త్రాన్ని ఆ దేశంలో దాదాపు నిషేధించారు. 1955లో వావిలోవ్ నిర్దోషి అని ప్రకటించినా లైసెంకో పెత్తనం 1964 దాకా సాగింది. మొక్కల వైవిధ్య పరిశోధనలో ప్రపంచానికి దారిచూపిన దేశం ఒక తరం వెనకబడింది. శత్రువు చెబుతున్నాడు కనుక ఇది అబద్ధమని అనుకునే రోజులు గడిచిపోయినవి. ప్రకృతికి మన ప్రణాళికల తొందర తెలియదు. సత్యానికి వర్గముద్ర వేసి పరీక్షను తప్పించుకోజూసిన ఏ ఉద్యమమైనా చివరకు ఆ ప్రజలనే ఆకలికి అప్పగిస్తుంది. దీన్ని గుర్తించడం వామపక్షానికి అవమానం కాదు. గుర్తించకపోవడమే అవమానం.

ఒకే విత్తనం, ఒకే మందు

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్.8 అనే పొట్టి వంగడాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని సాగుచేసి దేశమంతటా పేరుపొందాడు. ఎరువు వేసినకొద్దీ పడిపోకుండా పండే రకం అది. దిగుబడి పెరిగిన మాట వాస్తవం. కరువు భయంతో అమెరికా ఓడలకోసం ఎదురుచూసిన దేశంలో దాన్ని తక్కువచేసి మాట్లాడడం తగదు. కాని ఐ.ఆర్.8కు ఆకు ఎండు తెగులు వచ్చింది, టుంగ్రో వచ్చింది, సుడిదోమ వచ్చింది. ఏడాది పొడవునా నీరు, ఒక పంటవెనుక ఒక పంట, చేను తరవాత చేను ఒకే రకం: పురుగుకు ఇంతకంటే విందు ఉండదు.

మందులు కొట్టారు. సుడిదోమ తగ్గకపోగా పెరిగింది. కారణం విచిత్రమేమీ కాదు. దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు మందుకు ముందు చచ్చినవి. కాండంలో పెట్టిన దోమగుడ్లు చావలేదు. వేటగాడు లేని చేలో దోమ విజృంభించింది. ఇండొనేషియా ఈ అనుభవాన్ని 1970, 1980 దశకాలలో రెండుసార్లు చవిచూసి, 1986లో వరిమీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. మందులకిచ్చే సబ్సిడీని క్రమంగా ఎత్తివేసింది. దేశం అన్నం లేక మాడిపోలేదు. మందు లేకపోతే తిండి లేదనే మిత్రులు ఈ ఉదాహరణకు జవాబు చెప్పవలసివుంటుంది. ఇక మన వరంగల్లు జిల్లాలో 1997-98లో పత్తి చేలను పురుగు తినివేసి, మందుమీద మందుకొట్టి అప్పులపాలైన రైతులు ఆ మందే తాగి చనిపోయిన సంగతి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈలోగా 'గ్రాసీ స్టంట్' అనే మరో వైరస్ రోగం వరిమీద పడింది. సుడిదోమే దాన్ని మోసుకొస్తుంది. మొక్క గిడసబారి గడ్డిదుబ్బులా మిగులుతుంది, వెన్ను తీయదు. ఫిలిప్పీన్స్ సంస్థలో శాస్త్రజ్ఞులు తమవద్ద ఉన్న వేల రకాల సాగువరిని పరీక్షించారు. ఒక్కటీ గట్టిగా నిలబడలేదు. అడవి జాతులను పరీక్షించగా ఉత్తరప్రదేశ్‌నుంచి వచ్చిన ఒకే ఒక నివ్వరి నమూనా నిలబడింది. గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగువరితో సంకరం చేసింది. పుట్టిన మొక్కలో రోగనిరోధక శక్తితోపాటు గింజ రాలిపోవడం, వాలిపోవడం వంటి అడవి గుణాలన్నీ వచ్చినవి. దాన్ని మళ్ళీ సాగువరితో, ఆ పిల్లను మళ్ళీ సాగువరితో, ప్రతి తరంలోనూ రోగం తట్టుకున్న మొక్కలనే ఏరుతూ సంకరం చేసుకుంటూ పోయారు. చివరకు అడవి గుణాలు పోయి ఆ ఒక్క శక్తి మిగిలింది.

1976లో విడుదలైన ఐ.ఆర్.36లో ఈ నివ్వరి రక్తం ఉంది. కేరళలోని పట్టాంబి వరి రకాలు, కటక్ సంస్థలో చేసిన సంకరాలు, తమిళ దేశపు తిరూర్‌కుప్పం రకం కూడా దాని వంశవృక్షంలో ఉన్నవి. ఒక దశలో అది 1 కోటి 10 లక్షల హెక్టార్లలో సాగైంది. అంతకుముందు ప్రపంచంలో ఏ వరి రకమూ అంత నేలలో పండలేదు. ప్రయోగశాల ఫిలిప్పీన్స్‌ది కావచ్చు. ఆ వంశవృక్షాన్ని పట్టాంబిలో, తిరూర్‌కుప్పంలో పేరులేని రైతులు తరతరాలుగా ఏరుకున్న రకాలు మోస్తున్నవి.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. 1940 దశకంలో ఫ్లోర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అవిసె కుంకుమ తెగులును పరిశోధించి, మొక్కలోని ప్రతి నిరోధక జన్యువుకూ రోగక్రిమిలో దానికి జోడీ జన్యువు ఒకటి ఉంటుందని చూపాడు. క్రిమిలో ఆ ఒక్కటి మారితే చాలు, రక్షణ తాళం తెరుచుకుంటుంది. ఒకే జన్యువును దేశమంతా నాటడమంటే అన్ని ఇళ్ళకూ ఒకే తాళం వేయడం. 1970లో అమెరికాలో మొక్కజొన్న విత్తన కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి దాదాపు 85 శాతం విత్తనాన్ని ఒకే తల్లి మూలంనుంచి తయారుచేశాయి. ఒక ఆకుమచ్చ తెగులు ఆ ఏడాది దేశం పంటలో సుమారు 15 శాతాన్ని తుడిచిపెట్టింది. ఐర్లండు కౌలుదారుకు గతిలేక ఒకే రకం. అమెరికా కంపెనీకి లాభంకోసం ఒకే రకం. తెగులు ఈ తేడాను పట్టించుకోలేదు.

రాయ్‌పూర్ గింజలు

మన దేశంలో వావిలోవ్ దారిన నడిచినవాడు ఆర్.హెచ్.రిఛారియా. 1959నుంచి కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు. విదేశీ వంగడాలను తగిన తనిఖీ లేకుండా తెస్తే వాటివెంట తెగుళ్ళు వస్తాయని అభ్యంతరం చెప్పాడు. 1960 దశకంలోనే పదవి పోయింది. తన అభ్యంతరమే అందుకు కారణమని ఆయన చెప్పుకున్నాడు. తర్వాత రాయ్‌పూర్‌లో, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనూ గిరిజన గూడేలలోనూ తిరిగి 19 వేలకు పైగా వరి నమూనాలు సేకరించాడు. ఆ సంస్థను కూడా 1970 దశకం చివర్లో మూసివేశారు. ఆయనను జైలులో పెట్టలేదు. మన వ్యవస్థకు జైలు అవసరం లేదు. నిధులు ఆపితే సరిపోతుంది.

ఆ గింజల కథ అక్కడ ముగియలేదు. 2002లో రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, సింజెంటా అనే బహుళజాతి విత్తన కంపెనీ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ సేకరణ కంపెనీ చేతికి పోతుందని తెలిసి రైతులు, విద్యార్థులు, ప్రజాసంఘాలు ఆందోళన చేశారు. ఆ సంవత్సరం డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. ప్రజలు తమదని తెలుసుకున్న సొత్తును కాపాడుకోగలరని దీనివల్ల తెలుస్తున్నది. తమదని తెలియకపోతే?

ఇక్కడ మా శాఖకు సంబంధించిన మాట ఒకటి. మన పాత నిఘంటువులలో ఎన్నో మాటలకు 'ధాన్య విశేషము', 'వరి భేదము' అని మాత్రమే అర్థం రాసి వదిలేశారు. ఏ నేలలో పండేదో, ముంపును తట్టుకునేదో, అగ్గి తెగులును ఆపేదో చెప్పలేదు. రాజనాలు ప్రబంధాల్లో మిగిలినవి. అక్కుళ్ళు, అట్రగడలు, కృష్ణకాటుకలు, బంగారుతీగ, మొలగొలుకులు అన్న పేర్లు ముసలి రైతుల నోట మిగిలినవి. ఆ గుణాలన్నీ తెలిసినవాడికి నిఘంటువు రాసే అవకాశం లేదు. నిఘంటువు రాసినవాడికి నాగలి పట్టే అవసరం లేదు. చేతిపనికీ చదువుకూ మధ్య కులమూ వర్గమూ కట్టిన గోడ మన జ్ఞానంలో ఎటువంటి రంధ్రాలు చేసిందో చూడడానికి ఆ రెండు మాటల అర్థవివరణ చాలు.

సాంబ మసూరి నేర్పే పాఠం

1986లో బాపట్ల పరిశోధనా కేంద్రంనుంచి వచ్చిన బి.పి.టి.5204ను తెలుగుదేశమంతా సాంబ మసూరి అంటుంది. కోయంబత్తూరులో 1921లో కిచ్చిలి సాంబనుంచి ఏరిన జి.ఇ.బి.24, తైవాన్‌నుంచి వచ్చిన పొట్టి రకం, కటక్‌లో మొదలైన సంకరాల ఫలితంగా మలేషియాలో తేలిన మసూరి: ఈ మూడూ దాని పూర్వీకులు. అన్నం రుచికి పేరు. ఆకు ఎండు తెగులుకు మాత్రం తట్టుకోలేదు. బాక్టీరియావల్ల వచ్చే ఈ తెగులుకు మందు కొట్టినా గుణం అంతంతమాత్రం.

ఆఫ్రికాలోని మాలి దేశంలో పెరిగే ఒక అడవి వరిలో దీనికి విరుగుడు దొరికింది. 1970 దశకంలో కటక్‌లోనే ఆ నమూనా అన్నిరకాల ఆకు ఎండు బాక్టీరియానూ తట్టుకుంటుందని గమనించారు. ఫిలిప్పీన్స్‌లో ఆ గుణాన్ని సంవత్సరాల తరబడి సంకరంచేసి సాగువరిలోకి తెచ్చారు. ఆ జన్యువుకు ఎక్స్.ఎ.21 అని పేరు. హైదరాబాదులోని వరి పరిశోధనా సంచాలక కార్యాలయమూ, సి.సి.ఎం.బి.యూ కలిసి దీన్నీ, మరో రెండు నిరోధక జన్యువులనూ సాంబ మసూరిలోకి మామూలు సంకరం ద్వారానే చేర్చారు. ఆ రెండింటిలో ఒకటి బంగ్లాదేశ్ ఔస్ వరినుంచి వచ్చినది. ప్రయోగశాల చేసిందల్లా ఏ పిల్లమొక్కలో ఆ జన్యువులు ఉన్నవో పరీక్షించి చెప్పడమే. 2008లో 'మెరుగైన సాంబ మసూరి' రైతులకు అందింది. రుచి అదే, తెగులు బెడద తగ్గింది. తలుపుకు ఒకటికి మూడు తాళాలు వేశారు కనుక క్రిమి మూడింటినీ ఒకేసారి తెరవడం కష్టం. ప్రజాధనంతో నడిచే సంస్థలు, పేరులేని రైతులు, మాలి అడవి గడ్డి, ఆధునిక జన్యుశాస్త్రం ఒకచోట చేరితే వచ్చిన ఫలితమిది.

అదే జన్యువుకు మరో కథ కూడా ఉంది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాన్ని విడదీసి చూపారు. ఆ తర్వాత ఆ విశ్వవిద్యాలయమే దానిమీద పేటెంటు పొందింది. మూలమిచ్చిన దేశాల విద్యార్థులకు సాయంచేయడానికి ఒక నిధి ఏర్పాటైన మాట నిజం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని మాలి పల్లపు నేలలో మొలిచి, కటక్‌లో గుర్తింపు పొంది, ఫిలిప్పీన్స్‌లో సంకరమైనదానికి యజమాని కాలిఫోర్నియాలో ఎలా తేలాడన్న ప్రశ్నకు ఆ నిధి జవాబు కాదు. విదూషకుడి హాస్యం ఇక్కడ చట్టమైంది. దుష్యంతుడు సిగ్గుపడి వదులుకున్న ఆరోపాలును పేటెంటు సిగ్గుపడకుండా అడుగుతుంది. పైగా ఆరో పాలుతో తృప్తిపడదు.

చేలోనే వైవిధ్యం

మంచి జన్యువును వెతికి ఒకే రకంలో పెట్టడం ఒక పద్ధతి. చేలోనే వైవిధ్యాన్ని నిలపడం మరో పద్ధతి. 1998, 1999లో చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో వేలాది రైతులు ఒక పెద్ద ప్రయోగం చేశారు. అగ్గి తెగులుకు తేలికగా లొంగే జిగురు వరిని, తెగులును తట్టుకునే సంకర వరిని వరసలు మార్చి ఒకే చేలో వేశారు. రెండు ఏళ్ళలో కలిసి 3 వేల హెక్టార్లకు పైగా నేల అది. విడిగా వేసిన చేలతో పోలిస్తే జిగురు వరిమీద అగ్గి తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది. దాని దిగుబడి 89 శాతం ఎక్కువ వచ్చింది. రెండో ఏడు ముగిసేసరికి శిలీంధ్రనాశక మందు చల్లడమే మానేశారు. ఇందులో మాయ లేదు. ఒక మొక్కనుంచి ఎగిరిన తెగులు బీజం పక్కమొక్కమీద పడితే అది వేరే జాతి. అక్కడ మొలవదు. నడుమ గోడలు ఉన్న ఊరిలో నిప్పు పాకలేనట్లే.

ఒక్క సంగతి గమనించాలి. ఆ ప్రయోగానికి రైతుకు కావలసింది కొత్త విత్తనమూ కాదు, కొత్త మందూ కాదు. నాటే పద్ధతి మాత్రమే. అమ్ముకోవడానికి సరుకేమీ లేని జ్ఞానం అది. అందుచేత దాన్ని గురించి ఏ కంపెనీ గోడమీద ప్రకటన రాయదు. రాయవలసింది ప్రభుత్వ శాఖలు, రైతుసంఘాలు, ఉపాధ్యాయులు. మన జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది, పెసర కలిపి వేస్తూ, విత్తనాలు ఇళ్ళలో దాచి ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చాయి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. గట్టునేల తప్ప మరేమీ దక్కనివారు వైవిధ్యాన్ని నిలబెట్టారు.

అంచేత పాత విత్తనానికి తిరిగిపోదాం అనే మిత్రులకు నా మనవి ఇది. బిఫెన్, వావిలోవ్, ఖుష్, హైదరాబాదు శాస్త్రజ్ఞులు లేకపోతే నివ్వరి కలుపుగానే మిగిలేది. పాత రకాలన్నీ అన్ని తెగుళ్ళనూ తట్టుకోవు. బెంగాలులో మచ్చ తెగులుతో పోయినవి పాత రకాలే. శాస్త్రం ఒక్కటే చాలు అనే మిత్రులకు కూడా ఒక మనవి. రైతు, గిరిజనుడు, అడవి, చెరువుగట్టు లేకపోతే ఆ శాస్త్రజ్ఞుల చేతిలో సంకరం చేయడానికి ఏమీ ఉండదు. చెరువు పూడ్చి స్థలాలుగా అమ్మినచోట నివ్వరి మళ్ళీ మొలవదు. రేపటి తెగులుకు విరుగుడు ఆ గట్టుమీదే ఉండివుండవచ్చు.

2001లో మన పార్లమెంటు చేసిన చట్టం, రైతు తన పంటలోని విత్తనాన్ని దాచుకోవడానికీ, తిరిగి వేసుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ, కంపెనీ పేరు పెట్టకుండా అమ్ముకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కు పుస్తకంలో ఉంది. దాన్ని చేలో నిలపడం ఉద్యమం పని. ప్రభుత్వ పరిశోధనా సంస్థలకు నిధులు తగ్గిస్తుంటే అది శాస్త్రజ్ఞుల ఉద్యోగ సమస్య అని మనం ఊరుకుంటున్నాం. అది అన్నం సమస్య. విత్తన బ్యాంకులలోని ప్రతి నమూనాకూ అది తెచ్చిన ఊరిపేరు, ఇచ్చిన రైతుపేరు రాయాలని అడగాలి. విశ్వవిద్యాలయం ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా ఆ కాగితాన్ని బహిరంగపరచాలని అడగాలి. విద్యార్థులు తమ ఊళ్ళలో మిగిలిన వరి, జొన్న, కంది రకాల పేర్లను గుణాలతో సహా రాసిపెడితే, 'ధాన్య విశేషము' అన్న రెండు మాటల వెనుక పోగొట్టుకున్నదానిలో కొంతైనా తిరిగి రాబట్టగలుగుతాం. ఆ పనికి మా తెలుగు శాఖలు కూడా పూనుకోవచ్చు. పూనుకోవాలి.